ఒంట్లో బాగుంటే ఎవరు పడుకోనిస్తారు?

మధ్యాహ్నం మూడింటికి ఒకావిడ మంచం మీద ఊరికే పడుకుని ఉందనుకోండి. గుమ్మంలోకి వచ్చినవాళ్ళు ముందు అడిగేదేమిటి? "ఏం, ఒంట్లో బాలేదా?" అనే కదా. "బానే ఉంది, ఊరికే పడుకున్నా" అని ఒక్కసారి చెప్పి చూడండి. వాళ్ళ మొహం చూసి మీరే లేచి కూర్చుంటారు. అదే తలనొప్పి అన్నారా, అమృతాంజనం సీసా వస్తుంది, కాఫీ వస్తుంది, కుక్కరు ఎవరో ఒకరు పెడతారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టి, దాని మీద వచ్చిన డబ్బుతో ఆంధ్రపత్రిక నడిపారని మనం గొప్పగా చెప్పుకుంటాం. గొప్పే మరి. కానీ తెలుగు ఆడవాళ్ళకి ఆయన చేసిన ఉపకారం ఇంకోటుంది. పడుకోవడానికి ఒక ఘాటైన సాక్ష్యం ఇచ్చారు. నుదుటి మీద ఆ వాసన ఉన్నంతసేపూ ఎవరూ ఏ పనీ చెప్పరు.

ఈమధ్య కాలం మారిందంటున్నారు. జబ్బేమీ అక్కర్లేదు, మిమ్మల్ని మీరు కాస్త చూసుకోండి చాలు అంటూ హైదరాబాద్‌లో వీధి వీధికీ వెల్‌నెస్ సెంటర్ వెలిసింది. లోపల ఏసీ, సన్నగా వేణువు, నిమ్మగడ్డి వాసన, గొంతు తగ్గించి మాట్లాడే అమ్మాయిలు. నాకు ఆ బోర్డు కనిపిస్తే కాలు ముందుకి పోదు. మా ఇంట్లో దీనికి "అమ్మ పరిశోధన" అని పేరు పెట్టారు. సరే, పరిశోధనే అనుకుందాం. మీరు కూడా కాఫీ తెచ్చుకుని కూర్చోండి, ఏమేం చేయించుకున్నానో చెప్తాను.

ముందు కాళ్ళ సంగతి. ఒక టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, అందులో చిన్న యంత్రం ఒకటి దించి, మన పాదాలు పెట్టమంటారు. అరగంటలో ఆ నీళ్ళు నారింజ రంగుకొచ్చి, తర్వాత గోధుమరంగయ్యి, పైన తెట్టె కడతాయి. "చూశారా మేడమ్, మీ ఒంట్లో విషాలన్నీ ఎలా దిగిపోయాయో" అంది ఆ అమ్మాయి. గోడకి రంగుల పట్టిక కూడా ఉంది. ఈ రంగైతే కాలేయం, ఆ రంగైతే కీళ్ళు. ఉప్పునీళ్ళలో ఇనప పలకలు పెట్టి కరెంటు పంపిస్తే తుప్పు తేలుతుందని హైస్కూల్లో చదువుకున్నదే. కాళ్ళు పెట్టకపోయినా తేలుతుంది. "అమ్మా, ఒకసారి ఖాళీ టబ్బులో వేసి చూపిస్తావా?" అన్నాను. "అలా వేస్తే మెషీన్ పాడవుతుంది మేడమ్" అంది. పాపం, దాని ఉద్యోగం దానిది. ఒంట్లో చెడుని వడకట్టే పని మూత్రపిండాలు ఎలాగూ చేస్తూనే ఉన్నాయి, రోజుకి 180 లీటర్ల దాకా, కరెంటు బిల్లు లేకుండా. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అరగంటసేపు కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని, ఎవరూ పిలవని చోట కూర్చుంటే హాయిగానే ఉంది. ఆ హాయికి తుప్పుతో పనిలేదు. ఇంట్లో బకెట్టు చాలు. కానీ ఇంట్లో బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఏమడుగుతారో మీకు తెలుసుగా.

చేపల టబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టర్కీలో కంగాల్ అనే చోట వేడినీటి ఊటల్లో గర్రా రూఫా అనే చిన్న చేపలుంటాయి. చర్మవ్యాధులున్నవాళ్ళు అక్కడికి వెళ్ళి ఆ నీళ్ళలో కూర్చుంటారు. అవి ప్రపంచమంతా తిరిగి మన మాల్స్‌లోకి కూడా వచ్చాయి. మడమల మీద కొరుకుతుంటే కాసేపు నవ్వొచ్చింది. తర్వాత, నాకంటే ముందు ఈ నీళ్ళలో ఎవరి కాళ్ళున్నాయో అన్న ఆలోచన వచ్చింది. చేపల్ని మరిగే నీళ్ళలో కడగలేరు కదా. లేచి వచ్చేశాను.

ఇలాంటి పిచ్చి మనకి కొత్తేం కాదు లెండి. 1990లలో ఆయిల్ పుల్లింగ్ గుర్తుందా? పొద్దున్నే పరగడుపున చెంచాడు నూనె నోట్లో పోసుకుని, పావుగంటో ఇరవై నిమిషాలో పుక్కిలించి, తెల్లగా పల్చబడ్డాక ఉమ్మెయ్యాలి. తెలుగుదేశమంతా బుగ్గలు పూరించుకుని వాకిళ్ళలో తిరిగింది. ఉబ్బసం తగ్గిందనీ, కీళ్ళనొప్పులు పోయాయనీ పత్రికల నిండా అవే. ఆయుర్వేదంలో కవలం, గండూషం అని నోట్లో నూనె పట్టే పద్ధతి ముందునుంచీ ఉంది. నోరు శుభ్రపడే మాట కొంతవరకు నమ్మొచ్చు, అదైనా బ్రష్షు మానేయకుండా ఉంటేనే. కీళ్ళ సంగతి నేను నమ్మను. మా నాన్నగారు మంచి మాటకారి. ఆయన కూడా పట్టుగా చేశారు. మా అమ్మ మాత్రం, "ఆయన మోకాళ్ళు తగ్గాయో లేదో గానీ, ఆ ఇరవై నిమిషాలూ నాకు బీపీ తగ్గేది" అనేది.

ఇదంతా చిల్లర సరుకు. అసలు కథ ప్రకృతి ఆశ్రమానిది.

ప్రకృతి వైద్యం అనగానే రుషుల కాలం నాటిదనుకుంటాం. మట్టి, నీళ్ళు, ఎండ, ఉపవాసం మనకి తెలియనివి కావు గానీ, ఇప్పుడు ఆశ్రమాల్లో నడిచే పద్ధతికి పుట్టిల్లు జర్మనీ. లైప్‌జిగ్ ఊళ్ళో లూయీ కూనే అని ఒకాయన ఉండేవాడు. డాక్టరీ చదివినవాడు కాదు. లోకంలో ఉన్నది ఒకటే జబ్బు, ఒంట్లో పేరుకున్న మలినమే రకరకాల పేర్లతో బయటపడుతుంది అన్నది ఆయన వాదం. దానికి మందు తొట్టిస్నానం, ఆవిరి, చప్పిడి శాకాహారం. ఈ వాదంతో ఆయన రాసిన పుస్తకాన్ని 1894లోనే డి. వెంకటచలపతి శర్మగారు తెలుగు చేశారు. హిందీ, ఉర్దూ వాళ్ళకి అది 1904కి గానీ అందలేదు. ఈ దేశంలో ప్రకృతి చికిత్స కథ మొదలైందే తెలుగులో అని అందుకే అంటారు. ఆరోగ్యం మీద ఎవరు ఏం రాసినా ముందు చదివేది మనమే అని నా అనుమానం. తర్వాత పెసరట్టు తినేదీ మనమే.

గాంధీగారు దక్షిణాఫ్రికాలో ఉండగానే కూనేనీ, అడాల్ఫ్ జస్ట్ అనే ఇంకో జర్మనాయననీ చదివి, పొట్ట మీద తడిమట్టి కట్టుకోవడం మొదలుపెట్టారు. 1946లో పూణే దగ్గర ఉరుళీ కాంచన్‌లో ఆశ్రమం పెట్టించారు. అదే గాంధీగారికి 1924 జనవరిలో యరవాడ జైల్లో అపెండిసైటిస్ వస్తే ససూన్ ఆసుపత్రిలో ఇంగ్లీషు సర్జన్ చేత కోయించుకున్నారు. ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయింది, లాంతరు వెలుగులో ముగించారు. ప్రకృతి వైద్యం మీద ఎవరైనా మరీ మూర్ఖంగా వాదిస్తుంటే నేను ఆ లాంతరు గుర్తుచేస్తాను.

మనవైపు చూస్తే భీమవరంలో పాత ప్రకృతి ఆశ్రమం ఉంది. హైదరాబాద్‌లో అమీర్‌పేట దగ్గర సర్కారు ప్రకృతి చికిత్సాలయం ఉంది. కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణ రాజుగారి ఆరోగ్యాలయం ఉంది. ఉప్పు, నూనె, పంచదార లేని వంటని ఆయన టీవీలో చెప్తుంటే, ఒక చేత్తో జంతిక కొరుకుతూ చూసిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. నేను వెళ్ళింది గోదావరి వైపు ఒక చిన్న చోటు. పేరెందుకు లెండి.

తెల్లవారుజామున ఐదింటికి గంట కొడతారు. గోరువెచ్చని నీళ్ళు తాగిస్తారు. తర్వాత ఎనిమా. దీని గురించి ఆశ్రమాలకి వెళ్ళొచ్చినవాళ్ళెవరూ నోరు విప్పరు. మట్టి గురించి చెప్తారు, ఆవిరి గురించి చెప్తారు, ఇక్కడికి వచ్చేసరికి మాట మారుస్తారు. అక్కడున్నన్నాళ్ళూ మాత్రం వేరే మాటే ఉండదు. నిన్న పరిచయమైన పెద్దమనిషి వరండాలో ఎదురొచ్చి "ఈ పూట ఎలా అయిందండీ?" అని అడగడం, మనం బుద్ధిగా సమాధానం చెప్పడం, అదే అక్కడి మర్యాద. బాగా పనిచేస్తున్న పేగుల్ని రోజూ కడగాల్సిన అవసరం నాకైతే కనిపించలేదు. మలబద్ధకం ఉన్నవాళ్ళకి సుఖంగా ఉంటుందేమో. నేను మొహమాటానికి చేయించుకుని, తర్వాత మొహమాటం వదిలేశాను.

మట్టి పట్టీ మాత్రం నాకు భలే నచ్చింది. పై మట్టి పనికిరాదు. మూడు నాలుగడుగుల లోతు నుంచి తవ్వి, ఎండబెట్టి, జల్లించి, రాత్రి నానబెడతారు. పొద్దున దాన్ని గుడ్డలో పరిచి పొట్ట మీద ఒకటి, కళ్ళ మీద ఒకటి వేస్తారు. చల్లగా, బరువుగా ఉంటుంది. ఇరవై నిమిషాలు కదలకూడదు. ఇది పేగుల వేడి లాగేస్తుందని వాళ్ళంటారు. నాకు కనిపించిన గుణం వేరు. కళ్ళ మీద మట్టి ఉంటే ఫోన్ చూడలేం. పొట్ట మీద మట్టి ఉంటే లేచి గ్యాస్ కట్టేయలేం. నా పెళ్ళయిన తర్వాత, జ్వరం లేకుండా, చేతిలో ఏమీ లేకుండా, మెలకువగా అంతసేపు కదలక పడుకున్నది అదే మొదటిసారి.

ఇంకో రోజు అరటాకు స్నానం. ఒంటినిండా తడి చేసి, లేత అరటాకులు చుట్టి తాళ్ళతో కట్టి ఎండలో పడుకోబెడతారు. తలకి తడిగుడ్డ. ఆకులో ఉడికే కుడుములాగా నేను చెమటలు కక్కుతుంటే, పక్క చాప మీద ఇంకో ఆకుకట్టలోంచి గొంతు వచ్చింది: "మీది ఏ ఊరండీ?" అలా పరిచయమైంది ఆవిడ. రిటైరైన టీచరు. చేరేటప్పుడు మనం నింపే కాగితంలో "సమస్య" అని ఒక గడి ఉంటుంది. అందరం ఏదో ఒకటి రాశాం. షుగరు, గ్యాసు, థైరాయిడ్, నడుం. ఈవిడ మోకాళ్ళని రాసింది. నాలుగు రోజులు పోయాక చెరువుగట్టు మీద నాకంటే చురుగ్గా నడుస్తూ, ఎవరూ లేకుండా చూసి చెప్పింది. "నాకు మోకాళ్ళ నొప్పుల్లేవండీ. ఊరికే నాలుగు రోజులు ఎటైనా వెళ్తానంటే మా అబ్బాయి 'ఎందుకమ్మా, ఇంట్లో నీకేం లోటు' అంటాడు. మోకాళ్ళన్నాను, టికెట్ తనే బుక్ చేశాడు."

ఆ తర్వాత నేను ఆడవాళ్ళ వైపు గదుల్లో ఎవరితో మాట్లాడినా ఆ గడి గురించి కూపీ లాగడం మొదలుపెట్టాను. నిజంగా జబ్బున్నవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ రైసుమిల్లు వాళ్ళింటి కోడలు, బ్యాంకులో పనిచేసే పిల్ల, మనవల్ని పెంచి పంపించేసిన అమ్మమ్మ, వీళ్ళకి కావలసింది కూనేగారి తొట్టి కాదు. "రేపు పొద్దున్న టిఫిన్ ఏం చెయ్యాలి?" అన్న ప్రశ్న లేని నాలుగు రాత్రులు. అవి దొరకాలంటే జబ్బు చేయాలి. సెల్ఫ్ కేర్ అని ఇంగ్లీషులో ఎన్ని పోస్టర్లు అంటించినా మన గుమ్మం దాటాలంటే ఇంకా ఆ గడి నింపాల్సిందే. నన్నడిగితే ఈ చికిత్సల్లో సగం బలం అక్కడుంది. అవి జబ్బుని తగ్గించడం కంటే, విశ్రాంతికి జబ్బంత గౌరవం తెచ్చిపెడతాయి. ఎనిమా చేయించుకున్న మనిషిని ఇంట్లోవాళ్ళు సోమరి అనలేరు.

మగవాళ్ళ వైపు కథ వేరు. వాళ్ళు బరువు కోసం వస్తారు. రోజూ కాటా ఎక్కి ఒకరికొకరు చెప్పుకుంటారు. మొదటి వారంలో మూడు కిలోలు తగ్గితే ఊరేగింపుకి సిద్ధం. ఆ తగ్గినదాంట్లో చాలాభాగం నీళ్ళే. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం గ్రాముకి మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గిస్తే, ఉప్పు మానేస్తే, ఆ నీళ్ళు ముందు పోతాయి. ఇంటికెళ్ళి పులిహోర తినగానే తిరిగొస్తాయి. ఈ సంగతి అక్కడ ఎవరితోనూ అనలేదు. సంబరం పాడుచేయడం నాకిష్టం లేదు.

ఉప్పు గురించి మాత్రం వాళ్ళు చెప్పేది నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు తినమంటుంది. అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం, వడియం, పెరుగులో మిరపకాయ కలిపితే మనం ఎక్కడున్నామో మీరే లెక్కేసుకోండి. మొదటి రోజు ఉప్పులేని సొరకాయ కూర తింటుంటే ఏడుపొచ్చింది. కొన్నాళ్ళకి నాలుక సర్దుకుంది. క్యారెట్టులో తీపి తెలిసింది, తోటకూరలో సహజంగా ఉండే ఉప్పదనం తెలిసింది. తిరిగొచ్చాక మా ఇంటి పప్పుచారు నోట పెడితే సముద్రం! ఇది వాళ్ళ దగ్గర నేర్చుకుని ఇంకా నిలబెట్టుకున్న ఒకే ఒక్క పని, అదీ చారు వరకే.

ఇక్కడ కాస్త గొంతు పెంచుతాను, ఏమనుకోకండి. కూరగాయ కదా, ఆకు కదా, ఏం చేస్తుంది అనేవాళ్ళుంటారు. సొరకాయ రసం పరగడుపున తాగే మోజు వచ్చినప్పుడు, 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదుగా ఉన్న సొరకాయ రసం తాగి చనిపోయారు. భారత వైద్య పరిశోధన మండలి కమిటీ వేసి, చేదుగా ఉంటే ఉమ్మేయండి, తాగొద్దు అని చెప్పింది. ఆ జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లనే విషాలు కొన్నిసార్లు పెరుగుతాయి, చేదే దాని గుర్తు. మన అమ్మలు దోసకాయ తరిగేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూసేది ఎందుకనుకున్నారు? ఆ ముక్క చూడటం మానేసి, మిక్సీలో వేసి, నిమ్మకాయ పిండి, ముక్కు మూసుకుని తాగడం కొత్త ఆరోగ్యమైంది. తిప్పతీగ సంగతీ అంతే. కరోనా కాలంలో కషాయాలు కాచి కాచి తాగాం. ముంబై డాక్టర్లు 2021లో అది వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, అది వేరే తగాదా. వాళ్ళు వాళ్ళు తేల్చుకునేదాకా నేను మిరియాల చారుతో సరిపెట్టుకుంటున్నాను.

ఇంకా భయమేసేది మాత్రలు మాన్పించేవాళ్ళు. మా ఆశ్రమంలో పెద్ద డాక్టరుగారు బుద్ధిమంతుడు, బీపీ మాత్ర వేసుకోమనే చెప్పారు. కానీ పక్క మంచాల వాళ్ళుంటారు చూశారూ, వాళ్ళు డాక్టర్లకంటే ఎక్కువ. "నేను ఇన్సులిన్ ఎప్పుడో మానేశాను" అని ఒకాయన గర్వంగా చెప్తుంటే వినేవాళ్ళు తలలూపారు. తిండి తగ్గినప్పుడు మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. అది మార్చాల్సింది రక్తపరీక్ష చూసిన డాక్టరు. పక్క చాప మీద ఆకుకట్టలో పడుకున్న ఆయన కాదు.

చివరికి నాకు అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఏమిటంటే, నూనె మర్దన. నడుం నొప్పికి మర్దన కొంతకాలం ఉపశమనం ఇస్తుందనడానికి పరిశోధనల్లోనూ కొంత ఆధారం ఉంది. నా సంగతిలో అంత శాస్త్రం లేదు. చిన్నప్పుడు పండగపూట నువ్వులనూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టి, కుంకుడు రసం కళ్ళలో పడి నేను గోలపెడుతుంటే వీపు మీద రెండు వేసి మరీ రుద్దేది మా నాయనమ్మ. ఆ తర్వాత పురుడు పోసుకున్నప్పుడు మా అమ్మ. అంతే. మన వీపు మీద ఇంకొకరి చెయ్యి పడటం అక్కడితో ఆగిపోతుంది. మళ్ళీ ఎవరో డబ్బిస్తే రుద్దారు. ఆ చెక్కబల్ల మీద బోర్లా పడుకుంటే కారణం లేకుండా కళ్ళు చెమర్చాయి. రుద్దే అమ్మాయి చూసి, "చాలామందికి అవుతుందమ్మా" అని తువ్వాలు అందించింది. రోజంతా నిలబడి ఎంతమంది వీపులు రుద్దుతుందో. "మరి నీ భుజాలు నొప్పి పెడితే?" అన్నాను. నవ్వింది. "ఒంట్లో బాలేదని ఫోన్ చేసి ఇంట్లో పడుకుంటానమ్మా. ఊరికే సెలవంటే ఇవ్వరు కదా."

వెళ్ళాలనుకుంటే వెళ్ళండి, నేను వద్దనను. పాత నూలు చీరలు పట్టికెళ్ళండి, మట్టి మరక వదలదు. డాక్టరు కాగితాలు, రోజూ వేసుకునే మాత్రలు మర్చిపోకండి. ఖర్చు ముందే కనుక్కోండి. గది, మర్దన, ఆవిరి వేరువేరుగా లెక్కగట్టే చోట్లుంటాయి. చేరిన రోజు సాయంత్రం సంచులు చూస్తారని కూడా గుర్తుంచుకోండి. మా టీచరుగారు పాండ్స్ పౌడరు డబ్బాలో ఆవకాయ దాచుకొచ్చింది. చూడటానికి వచ్చిన నర్సమ్మకి ఇవన్నీ తెలిసినవే. డబ్బా చెవి దగ్గర ఊపి, మూత తీసి, వాసన చూసి, "ఈ ఏడు కాయ బాగా దొరికిందా అమ్మా?" అని అడిగి, వివరాలన్నీ ఓపిగ్గా విని, డబ్బా తీసుకెళ్ళి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసింది.